ఒక్క కొలత మారితే...

పొలానికి నీళ్లు తోడే మోటారు పంపునే తీసుకోండి. లోపల తిరిగే షాఫ్టు, దాన్ని మోసే బేరింగులు, ఇంపెల్లరు, పైన కేసింగు, మూత, బోల్టులు... అన్నీ కంప్యూటర్లో గీసేశారు. తెల్లారితే డ్రాయింగులు లేత్ మిషను దగ్గరికి వెళ్లాలి. అంతలో ఫోను. ‘షాఫ్టు 20 మిల్లీమీటర్లు చాలదు, 25 చేయండి!’

పెరిగింది ఐదు మిల్లీమీటర్లే. కానీ 20 షాఫ్టుకి వేసిన 6204 బేరింగు 25కి పట్టదు. 6205 కావాలి. దాని బయటి కొలత 47 కాదు, 52. అంటే కేసింగులో బేరింగు కూర్చునే గుంట పెరగాలి. గుంట పెరిగితే మూత పెరగాలి. మూత పెరిగితే బోల్టుల రంధ్రాలు జరగాలి. ఒక ఆఫీసులో ఈ పని టీ చల్లారేలోపు అయిపోతుంది. ఇంకో ఆఫీసులో తెరనిండా ఎర్ర గుర్తులొచ్చి రెండు రోజులు నిద్ర ఉండదు. రెండుచోట్లా ఒకటే క్యాడ్ సాఫ్ట్‌వేర్, ఒకే రకం కంప్యూటర్లు. మరి తేడా ఎక్కడ? మొదటిరోజు ఎంచుకున్న పద్ధతిలో!

గారెలా... మట్టిముద్దా?

కంప్యూటర్ తెరమీద బొమ్మ గీయడం కొత్తేమీ కాదు. 1963లోనే అమెరికాలోని ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ అనే పరిశోధక విద్యార్థి ‘స్కెచ్‌ప్యాడ్’ తయారుచేశాడు. కాంతి కలంతో తెరపై గీతలు గీయడమే కాదు, ‘ఈ రెండూ సమాంతరంగా ఉండాలి’ అని చెబితే అది ఆ మాట నిలబెట్టేది. 1980ల చివర్లో వచ్చిన ‘ప్రో/ఇంజినీర్’ ఆ ఆలోచనను యంత్రభాగాలకు తెచ్చింది.

ఇందులో పని గారెలు చేసినట్టే. నానబెట్టడం, రుబ్బడం, తట్టడం, మధ్యలో చిల్లు పెట్టడం... ఒకదాని తర్వాత ఒకటి. కంప్యూటర్ ప్రతి అడుగూ గుర్తుపెట్టుకుంటుంది. మొదటి అడుగుకెళ్లి కొలత మారిస్తే, మిగతావన్నీ అదే మళ్లీ చేసేస్తుంది. మంచి సౌకర్యమే, ఒక చిక్కు తప్ప. ప్రతి అడుగుకీ తల్లీపిల్లల బంధం ఉంటుంది. ఫలానా అంచుని ఆధారం చేసుకుని చిల్లు పెట్టారనుకోండి. రేపు ఆ అంచే పోతే? చిల్లు దిక్కులేనిదైపోతుంది. ఆ ఎర్ర గుర్తులన్నీ అలాంటి అనాథలే!

రెండో పద్ధతి కుమ్మరి చేతిలోని మట్టిముద్ద లాంటిది. ఎలా తయారైందన్న చరిత్రతో పనిలేదు. కావలసిన ముఖాన్ని పట్టుకుని లాగడమో నొక్కడమో. 2007లో వచ్చిన ‘స్పేస్‌క్లెయిమ్’ ఈ బాటే పట్టింది. మరుసటి ఏడాది సీమెన్స్ తెచ్చిన ‘సింక్రనస్ టెక్నాలజీ’ రెండు పద్ధతుల్నీ కలిపే ప్రయత్నం చేసింది. బయటి కంపెనీల నుంచి వచ్చే ఫైళ్లలో సాధారణంగా ఆకారం తప్ప అడుగుల చరిత్ర ఉండదు. అలాంటప్పుడు ఈ మట్టిముద్ద పద్ధతే ఆదుకుంటుంది.

ముక్కల నుంచా... మొత్తం నుంచా?

ఒక్కో భాగం సంగతి అది. అన్నిటినీ కలిపి యంత్రంగా బిగించేటప్పుడు మరో ప్రశ్న. ముక్కలు విడివిడిగా గీసి చివర్లో కలపాలా? లేక ముందే మొత్తానికీ ఓ అస్థిపంజరం గీసుకుని, ముక్కల్ని దానికి కట్టాలా? బజార్లో కొనే బోల్టులు, బేరింగులు, మోటార్లే ఎక్కువుంటే మొదటిది హాయి. ఒకదానితో ఒకటి ముడిపడిన భాగాలు ఎక్కువుంటే రెండోది మేలు. మన పంపులో గుంట, మూత, రంధ్రాల కొలతలు ఒకేచోట ఉంటే, అక్కడ మార్చితే చాలు... అన్నీ కదులుతాయి. అలాగని మూతను కేసింగుకీ, కేసింగును మళ్లీ మూతకీ కడితే మాత్రం ఎవరు ఎవర్ని చూసి మారాలో తెలియక కంప్యూటర్ తికమకపడుతుంది.

వంగేవీ, సాగేవీ ఉంటే ఇంకో జాగ్రత్త. బండి షాకబ్జర్లోని స్ప్రింగు విడిగా ఉన్నప్పుడు ఒక పొడవు, బిగించాక ఇంకో పొడవు. దానికోసం రెండు స్ప్రింగులు గీస్తే కొనుగోలు జాబితాలోనూ రెండే పడతాయి! స్ప్రింగు ఒకటే, పొడవు మాత్రం చోటును బట్టి మారుతుందని సాఫ్ట్‌వేర్‌కి చెప్పాలి. పొక్లెయిన్ చేతికుండే హైడ్రాలిక్ సిలిండరూ అంతే. అది కదిలేదని చెప్పకపోతే ఒకే ముద్దగా బిగుసుకుపోతుంది.

విమానమే ఆగింది!

పంపులో పొరపాటైతే రెండు రోజుల నిద్ర పోతుంది. విమానంలో అయితే? ఎయిర్‌బస్ ఎ380 అందుకు సాక్ష్యం. ఆ రెండంతస్తుల విమానంలో 500 కిలోమీటర్లకు పైగా విద్యుత్ తీగలుంటాయి. జర్మనీలోని హాంబర్గ్ ఇంజినీర్లు ‘కాటియా’ సాఫ్ట్‌వేర్ నాలుగో వెర్షన్ వాడితే, ఫ్రాన్స్‌లోని తులూజ్ వాళ్లు అయిదోది వాడారు. ఒకచోట చేసిన మార్పులు మరోచోటికి సరిగా చేరలేదు. తీరా బిగించబోతే కొన్ని తీగలు అందలేదు! వందలమంది తులూజ్‌లో కూర్చుని చేత్తో సరిచేయాల్సి వచ్చింది. 2006లో రావాల్సిన మొదటి విమానం సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కి అందింది 2007 అక్టోబరులో. సంస్థకు వందల కోట్ల యూరోల నష్టం.

అంతకుముందే, 1994లో తొలిసారి ఎగిరిన బోయింగ్ 777ని అందరూ ఒకే వ్యవస్థలో గీసి, తెరమీదే బిగించి చూసుకున్నారు. పూర్తిస్థాయి చెక్క నమూనా అవసరమే రాలేదు. అక్కడా వాడింది కాటియానే!

ఏది ఎంచుకోవాలి?

ఒకే పంపు ఐదారు సైజుల్లో చేయాలంటే గారెల పద్ధతి. ఒక్కసారికే చేసే ఫిక్చరో, బయటినుంచొచ్చిన ఫైలో అయితే మట్టిముద్ద. యంత్రం పెద్దదైతే అస్థిపంజరం. చాలాచోట్ల మూడూ కలిపే వాడతారు. ఏది వాడినా కొన్ని అలవాట్లు మేలు చేస్తాయి. అంచుల్ని కాకుండా మొదట్లో గీసుకున్న ప్రధాన తలాల్ని ఆధారం చేసుకోవాలి. ముఖ్యమైన కొలతలకు ‘షాఫ్టు వ్యాసం’ లాంటి పేర్లు పెట్టాలి. బృందమంతా ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే వెర్షన్ వాడాలి.

నేర్చుకోవడానికి లక్షలు పోయక్కర్లేదు. ఉచితంగా దొరికే ‘ఫ్రీక్యాడ్’ 2024 నవంబరులో 1.0కి చేరింది. భాగాల్ని కలిపి బిగించే సదుపాయం అందులోనే వచ్చింది. అంచుల పేర్లు తారుమారై బొమ్మ చెడిపోయే పాత బెడదా చాలావరకూ తగ్గింది. బాలానగర్‌లో చిన్న యూనిట్ నడిపేవారికైనా, ఇంజినీరింగ్ చదివే పిల్లలకైనా అది చాలు మొదలుపెట్టడానికి.

చివరగా ఓ చిన్న పరీక్ష. డ్రాయింగు పూర్తయ్యాక, పంపేముందు కావాలనే ఒక కొలత మార్చి చూడండి. అన్నీ బుద్ధిగా సర్దుకుంటే సరే. ఎర్ర గుర్తులొస్తే... ఫోను రాకముందే తెలిసింది కదా, అదే అదృష్టం!