పెరట్లో ఏ సీతాఫలం?

పిల్లలూ! మేముండేది హైటెక్ సిటీ పక్కనున్న గచ్చిబౌలిలో. పెరట్లో ఒక్క చెట్టుకే చోటుంది. రాస్ప్‌బెర్రీ వేద్దామన్నాడు మా మనవడు. దానికి మన హైదరాబాదు చలి చాలదు. ఈ రాతినేలకు సీతాఫలమే తగినది.

తమాషా ఏమంటే, రెండు పళ్ళూ ఒకే తీరున తయారవుతాయి. ఒకే పువ్వులోని అనేక అండాశయాలు కలిసి ఒక పండవుతాయి. సీతాఫలం మీది ఒక్కొక్క కన్నూ ఒక్కొక్క అండాశయమే. పుప్పొడి అందని కన్ను ఎదగదు, పండు వంకరపోతుంది. పుప్పొడి మోసేవి చిన్నచిన్న పెంకుపురుగులు. అవి రాకపోతే మెత్తని కుంచెతో మనమే అద్దవచ్చు.

సరే, ఏ రకం వేయాలి? మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ పేరుగల రకం కమ్మగా ఉంటుంది, కాని గింజలెక్కువ. బెంగుళూరు శాస్త్రజ్ఞులు తయారుచేసిన సంకరజాతి "అర్క సహన్"లో గింజలు తక్కువ, తీపి జాస్తి. మనవడు దానికే ఓటు వేశాడు.

పూర్వం నేనొక మంచి పండు తిని, దాని గింజనే నాటాను. నాలుగేళ్ళు నీళ్ళు పోశాక కాసిన పళ్ళు ఇసుక నమిలినట్టున్నాయి! గింజమొక్కకు తల్లి గుణాలన్నీ రావు, అంటుమొక్కకు వస్తాయి. అందుచేత ఈసారి రెండు రకాల పళ్ళూ తెచ్చి, గింజలు తీసేసి, మనవడి కళ్ళకు గంతలు కట్టి గుజ్జు తినిపించాను. వాడు మళ్ళీ కావాలన్నది బాలానగర్ గుజ్జే! తొలకరి పడగానే ఆ అంటు పాతాము.