లా చదువు: ఏ లాయరవుతారో అప్పే తేల్చేస్తోంది

‘‘మా అమ్మాయి లా చదువుతానంటోందండీ. అంత కష్టానికి తగ్గ ఫలితం ఉంటుందా?’’ గుడి దగ్గరో, పుట్టినరోజు విందులోనో ఈ మధ్య నన్ను తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. డాక్టరు, ఇంజినీరు తప్ప మూడో మాట వినపడని మన ఇళ్లలో ఇది మంచి మార్పే. న్యూజెర్సీలో ఇమిగ్రేషన్ లాయరుగా పనిచేస్తున్న నా జవాబు ‘ఉంటుంది’ అనే. కాకపోతే ముందు అప్పు సంగతి తేల్చుకోవాలి.

ఇండియాలోలా ఇంటర్ కాగానే ఐదేళ్ల లా కోర్సు ఇక్కడ లేదు. నాలుగేళ్ల డిగ్రీ, ఎల్‌శాట్, మూడేళ్ల జేడీ, ఆపైన బార్ పరీక్ష. పేరున్న ప్రైవేటు లా స్కూళ్లలో ఫీజే ఏడాదికి 70 వేల డాలర్లు దాటింది. ఇంతకాలం మొత్తం ఖర్చుకూ ఫెడరల్ రుణం దొరికేది. 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి ఏడాదికి 50 వేలు, మొత్తం 2 లక్షల డాలర్లే పరిమితి. మిగతాదానికి ప్రైవేటు బ్యాంకే దిక్కు, దానికి సాధారణంగా అమ్మానాన్నల సంతకం కావాలి. పిల్లలు ఇంకా హెచ్‌-4 మీదే ఉంటే ఫెడరల్ రుణం అసలు రాదు.

ఇక్కడే అసలు మెలిక ఉంది. ప్రభుత్వంలోనో, లాభాపేక్ష లేని సంస్థలోనో పనిచేస్తూ 120 నెలవారీ వాయిదాలు కడితే మిగిలిన ఫెడరల్ రుణం మాఫీ అవుతుంది. ప్రైవేటు రుణానికి ఆ సౌకర్యం లేదు. పేదల తరఫున వాదించే పబ్లిక్ డిఫెండరు కావాలని చేరిన పిల్లలు వాయిదాల కోసం కార్పొరేట్ సంస్థల్లో తేలడం నేను చూస్తూనే ఉన్నాను.

ఆ పెద్ద సంస్థల్లో మొదటి ఏడాది జీతం 2,25,000 డాలర్లు. మనవాళ్లకు చెవిన పడేది ఈ అంకె ఒక్కటే. చిన్న ఆఫీసుల్లో, లీగల్ ఎయిడ్‌లో మొదలుపెట్టేవారిలో చాలామందికి అందులో మూడో వంతు రావడమే ఎక్కువ. రెంటికీ మధ్యలో ఉండేవారు తక్కువ కాబట్టి ‘సగటు జీతం’ చూసి లెక్కలేయడం దండగ.

పెద్ద జీతం ఊరికే రాదు. ప్రతి ఆరు నిమిషాలకూ ఏ క్లయింటు పని చేశామో రాయాలి. ఏడాదికి 1,900 నుంచి 2,000 గంటలు బిల్లు చేయాలంటే వారానికి 40 గంటలు బిల్లులోకే వెళ్లాలి. భోజనం, శిక్షణ, ఆఫీసు మీటింగులు అందులోకి రావు. శని, ఆదివారాలు ఎక్కడికి పోతాయో వేరే చెప్పాలా?

మరి ‘ఉంటుంది’ అని ఎందుకంటున్నానంటే, రాత్రి పదింటికి వచ్చే ఫోన్ల వల్ల. హెచ్‌-1బీ ఉద్యోగం పోయిన ఒకాయన భార్య నిద్రపోయాక చేశారు. వీసా గడువు మిగిలి ఉన్నా, ఉద్యోగం పోయాక దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. అప్పటికే 41 గడిచాయి. అన్నాళ్లూ సలహా అడిగింది కంపెనీ లాయరును. ఆ లాయరు పనిచేసేది కంపెనీ కోసమని ఆయనకు తట్టలేదు. వివరాలన్నీ ఇంగ్లిష్‌లో చెప్పి, చివర్లో తెలుగులో ‘‘మా నాన్నకు ఇంకా చెప్పలేదండీ’’ అన్నారు. భార్యకూ హెచ్‌-1బీ ఉంది కాబట్టి 52వ రోజున హెచ్‌-4కు దరఖాస్తు పెట్టాం. నాకొచ్చిన ఫీజు పెద్దదేం కాదు. అయినా ఆ వారం నేను చేసిన పనుల్లో దీనికే ఎక్కువ విలువ కడతాను.

అందుకే తల్లిదండ్రులతో నేననేది ఒకటే. ర్యాంకు చూసి పరుగెత్తకండి. పట్టా వచ్చిన పది నెలలకు ఎంతమందికి లాయరు ఉద్యోగాలొచ్చాయో, బార్‌ ఎంతమంది పాసయ్యారో గుర్తింపు పొందిన ప్రతి లా స్కూలూ వెబ్‌సైట్లో పెట్టి తీరాలి. స్కాలర్‌షిప్‌కు మార్కుల షరతు ఉందేమో అడగండి. ఫీజు తక్కువుండే స్టేట్ యూనివర్సిటీని చిన్నచూపు చూడొద్దు. వీటికన్నా ముందు, అమ్మాయిని ఓ రోజు మీ ఊరి మున్సిపల్ కోర్టుకు పంపండి. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు, టికెట్టు లేదు. సాయంత్రం ఇంటికొచ్చాక తను దేని గురించి మాట్లాడుతుందో వినండి.