రాజ సర్పమలుగు: విలువ లేని చేపకూ వివరం కావాలి

మెక్సికో సింధుశాఖలో, సముద్రపు అడుగున నివసించే రాజ సర్పమలుగు శాస్త్రీయ నామం ఆఫిక్తస్ రెక్స్. సుమారు 360 మీటర్ల లోతు వరకు దీని ఉనికి నమోదయింది. రెండు మీటర్లకు మించి పెరిగే ఈ జీవి పామును తలపించినా, మొప్పలతో శ్వాసించే చేపయే.

దీని తోక కొనకు రెక్క ఉండదు. అది గట్టిగా, మొనదేలి ఉంటుంది. ఇటువంటి తోక గల సర్పమలుగులు వెనుకవైపు నుండి మెత్తని నేలలోనికి దూరి, తల మాత్రమే వెలుపల ఉంచి ఎర కొరకు పొంచి ఉంటాయి. పెద్ద చేపలు మింగిన కొన్ని సర్పమలుగులు జీర్ణాశయపు గోడను చీల్చుకొని ఉదరకుహరంలో చేరి, అక్కడే మరణించి బిగుసుకొనిపోయి ఉండుటను కూడ పరిశోధకులు గమనించారు.

ఇంత పెద్ద చేపకు శాస్త్రీయ నామకరణం 1980లో గాని జరుగలేదు. బోల్కే, కరూసో అను శాస్త్రవేత్తలు దీనిని వర్ణించారు. స్నాపర్, గ్రూపర్ చేపల కొరకు వేసిన గాలాలకు ఇది చిక్కుతుంది. అయితే చెప్పుకోదగిన మార్కెట్ విలువ లేదు. అమ్ముడుపోని చేప లెక్కలలోనికి ఎక్కదు. లెక్కకెక్కని జాతి తరిగిపోయినను తెలియదు.

బంగాళాఖాతపు ట్రాల్ వలలలోను వేరే జాతుల సర్పమలుగులు పడుచున్నవి. చెత్తచేపల రాశిలో కలిసి అవి ఎండకముందే పొడవు, పట్టిన లోతు, వల రకము వ్రాసికొని, ఒక నమూనాను 10 శాతం ఫార్మలిన్ ద్రావణంలో భద్రపరచినచో, ఆ జాతిని గూర్చిన తొలి ఆధారం రేవులోనే లభించవచ్చును.