చెరపని పచ్చబొట్టు – సేనాని డీ చింగ్

చైనా అనగానే మనకు పెద్ద గోడ, కాగితం, హ్యూయన్‌త్సాంగ్ గుర్తొస్తారు. మన పాఠాల్లో కనిపించని ఒక సిపాయి గురించి ఈ సంచికలో చెప్పాలనుకున్నాం. అతని పేరు డీ చింగ్. 1008లో, సోంగ్ వంశం ఏలుతున్న కాలంలో, ఉత్తర చైనాలోని ఒక పేద ఇంట పుట్టాడు.

ఆ రోజుల్లో మామూలు సిపాయిల ముఖం మీద సూదులతో పొడిచి అక్షరాలు వేసేవారు, పారిపోతే పట్టుకోవడానికి. నేరస్థులకూ అలాగే వేసేవారు గనుక ఆ గుర్తున్నవాడంటే లోకానికి చులకన. డీ చింగ్ ముఖం మీదా అవి పడ్డాయి.

1038లో పశ్చిమ షియా రాజు తానూ చక్రవర్తినని ప్రకటించుకోవడంతో సరిహద్దులో యుద్ధం మొదలైంది. జుట్టు విరబోసుకుని, ముఖానికి కంచు ముసుగు తొడుక్కుని డీ చింగ్ ముందు నిలిచేవాడు. నాలుగేళ్లలో 25 పోరాటాలు, 8 బాణపు గాయాలు. అక్కడే ఫాన్ జోంగ్‌యెన్ అనే పండిత అధికారి అతన్ని చూశాడు. ఆయనా చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకుని కష్టపడి చదివినవాడే. ఒక చరిత్ర గ్రంథం చేతికిచ్చి, గతం తెలియని సేనానికి ఉండేది ఒంటి మనిషి ధైర్యమేనని చెప్పాడు. అప్పటి నుంచి డీ చింగ్ పట్టుదలగా చదివాడు. పాత సేనానుల యుద్ధవిద్యంతా ఒంటబట్టించుకున్నాడు. మా మటుకు మాకు ఆ 25 పోరాటాలకంటే ఈ చదువే గొప్ప.

పెద్ద పదవిలోకి వచ్చాక, మందు వేసి ఆ గుర్తు పోగొట్టుకోమన్నాడు రెన్‌జోంగ్ చక్రవర్తి. డీ చింగ్ ఒప్పుకోలేదు. ప్రభువులు నా పుట్టుక అడగకుండా పని చూసి పైకి తెచ్చారు, ఈ గీతలు చూసి సిపాయిలు ధైర్యం తెచ్చుకోవాలి అన్నాడు.

1052లో దక్షిణాన నోంగ్ జిగావో తిరుగుబాటు చేశాడు. మరుసటి ఏడు డీ చింగ్ కున్‌లున్ కనుమ దాటి అతన్ని ఓడించాడు. పండుగ విందు జరుగుతుండగా ఒంట్లో బాగోలేదని లేచి వెళ్లి, తెల్లారేసరికి కనుమ పట్టుకున్నాడని కథ. యుద్ధభూమిలో రాజవస్త్రాలతో ఒక శవం దొరికింది. జిగావో చచ్చాడని రాసేద్దామన్నారు తోటివారు. అబద్ధపు గొప్ప తనకు వద్దన్నాడు. నిజంగానే జిగావో తప్పించుకున్నాడు.

ఆ ఏడే దేశ సైనిక వ్యవహారాలకు అత్యున్నత అధికారి అయ్యాడు. పరీక్షలు రాసి వచ్చిన అధికారులకు ఇది కంటగింపైంది. 960లో ఈ వంశాన్ని నిలబెట్టినవాడూ సేనానే కదా, ఆ భయమూ ఉంది. 1056లో ఒవ్యాంగ్ షియూ అనే మహాపండితుడు ఇతన్ని తప్పించమని రాశాడు. మనసులో చెడ్డ లేదు గానీ సిపాయిలు మరీ అభిమానిస్తున్నారట, అదే నేరం! ఒవ్యాంగ్ కూడా తండ్రి లేని పేదబిడ్డగా పెరిగినవాడే. అందుకే ఇది మాకు మింగుడు పడలేదు.

పదవి తీసేసి దూరపు ఊరికి పంపారు. 1057లో అక్కడే చనిపోయాడు. తరువాత షెన్‌జోంగ్ చక్రవర్తి డీ చింగ్ చిత్రపటాన్ని రాజప్రాసాదంలోకి తెప్పించుకున్నాడు.