కరోనా తీవ్రత: తెగని వాదన, తేలని లెక్క

‘ఉత్త జలుబేనట’ అన్నవారూ ఉన్నారు, ఇంట్లో ఇద్దరిని పోగొట్టుకున్నవారూ ఉన్నారు. వైరస్‌ ఎంత ప్రమాదకరమో చెప్పాల్సిన అంకెల దగ్గరే గొడవంతా మొదలైంది.

2020 మార్చి 15, ఆదివారం. ఆంధ్రప్రదేశ్‌లో స్థానిక ఎన్నికల ప్రచారం జోరుమీదుంది. పరిషత్‌ పోలింగ్‌కు ఇంకా ఆరు రోజులే గడువు. అంతలో ఎన్నికలను ఆరు వారాలు వాయిదా వేస్తున్నట్టు రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్‌ ప్రకటించారు. కారణం కరోనా. కేంద్రం ఆ ముందురోజే దాన్ని విపత్తుగా గుర్తించింది. ముఖ్యమంత్రి వై.ఎస్‌.జగన్‌మోహన్‌రెడ్డి అదే రోజు విలేకరుల సమావేశం పెట్టి ఆ నిర్ణయాన్ని తప్పుబట్టారు. అంతగా భయపడాల్సిన పనిలేదన్నారు. పెద్ద వయసువారికి, వేరే జబ్బులున్నవారికే ముప్పు ఎక్కువన్నారు. పారాసిటమాల్‌, బ్లీచింగ్‌ పౌడర్‌ల ప్రస్తావన వచ్చింది అప్పుడే. తెలంగాణ శాసనసభలోనూ ఆ నెలలోనే ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు నోట పారాసిటమాల్‌ మాట వినిపించింది.

వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. వాయిదాలో జోక్యం చేసుకోబోమని మార్చి 18న కోర్టు చెప్పింది. మరో వారానికి దేశమంతా లాక్‌డౌన్‌.

పది నెలలు గడిచేసరికి రెండు పక్షాలూ చోట్లు మారాయి. 2021 జనవరిలో పంచాయతీ ఎన్నికలు జరపాల్సిందేనని కమిషనర్‌ పట్టుబట్టారు. కరోనా ఉంది, టీకాల పని ఉంది, ఆగాలని ప్రభుత్వం కోరింది. ఈసారీ సుప్రీంకోర్టు కమిషనర్‌ వైపే నిలిచింది. ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా ఓట్లు పడ్డాయి.

ఇందులో రాజకీయం ఉన్నమాట నిజమే. కానీ రాజకీయంతో సంబంధం లేని శాస్త్రవేత్తలు కూడా అదే ప్రశ్న మీద అంతే తీవ్రంగా విభేదించారు.

హారం ఎంత?

2020 మార్చి 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి టెడ్రోస్‌ అధనోమ్‌ ఒక అంకె చెప్పారు: నమోదైన కేసుల్లో దాదాపు 3.4 శాతం మంది చనిపోయారు. వైరస్‌ సోకిన ప్రతి వందమందిలో ముగ్గురు నలుగురు పోతారని జనం అర్థం చేసుకున్నారు. నమోదైన కేసులు వేరు, సోకినవారు వేరు. పరీక్ష దాకా వెళ్లనివారు, ఒంట్లో వైరస్‌ ఉన్న సంగతే తెలియనివారు లెక్కలోకి రాలేదు. పోయినవారు లవమైతే, సోకినవారు హారం. హారం చిన్నదైతే శాతం పెద్దదిగా కనిపిస్తుంది.

రెండు వారాలకు స్టాన్‌ఫోర్డ్‌ ఆచార్యుడు జాన్‌ అయోనిడిస్‌ సరిగ్గా ఈ లోపాన్నే పట్టుకున్నారు. నమ్మదగిన సమాచారం లేకుండా ప్రపంచం పెద్ద నిర్ణయాలు తీసుకుంటోందని రాశారు. పూర్తి సమాచారం వచ్చేదాకా కూర్చుంటే ఈలోగా ఆసుపత్రులు నిండిపోతాయని హార్వర్డ్‌కు చెందిన మార్క్‌ లిప్సిచ్‌ బదులిచ్చారు. ఇద్దరూ అంటువ్యాధుల శాస్త్రం తెలిసినవారే.

ఏప్రిల్‌లో అయోనిడిస్‌ కూడా ఉన్న బృందం కాలిఫోర్నియాలోని శాంటాక్లారా కౌంటీలో 3,330 మంది రక్తం పరీక్షించింది. బయటపడిన కేసులకన్నా అసలు సోకినవారు 50 నుంచి 85 రెట్లు ఎక్కువని, మరణాలు 0.2 శాతంలోపేనని చెప్పింది. లాక్‌డౌన్‌ను వ్యతిరేకించేవారికి అది ఆయుధమైంది. తోటి శాస్త్రవేత్తలు అధ్యయనాన్ని కడిగేశారు. 3,330 మందిలో పాజిటివ్‌ వచ్చింది 50 మందికే. పరీక్ష కిట్‌ నూటికి ఒక్కసారి పొరపాటుపడినా ఆ యాభైలో చాలామంది నిజంగా వైరస్‌ సోకినవారు కాకపోవచ్చు. పైగా ఫేస్‌బుక్‌ ప్రకటన చూసి వచ్చినవారిలో, అంతకుముందు దగ్గు జ్వరాలతో బాధపడి అనుమానంతో ఉన్నవారు ఎక్కువగా ఉండే అవకాశం ఉంది.

మరోవైపు, అప్పటికే ఇటలీలో బెర్గామో పట్టణ పత్రికలో రెండు మూడు పేజీలుండే మరణ ప్రకటనలు పది పేజీలకు పెరిగాయి. శవపేటికలను తరలించడానికి సైన్యం లారీలు వచ్చాయి.

వయసుతో మారే ముప్పు

చైనా సమాచారం ఆధారంగా లండన్‌ ఇంపీరియల్‌ కాలేజీ పరిశోధకులు 2020 మార్చి చివర్లో వేసిన అంచనా ఈ చిక్కును కొంత విడదీసింది. సోకినవారిలో మొత్తంమీద మరణాలు 0.66 శాతం. అదే 80 ఏళ్లు దాటినవారిలో 7.8 శాతం. పిల్లల్లో, యువతలో అత్యల్పం. ‘నాకు రెండురోజుల జ్వరంతో పోయింది’ అన్న కుర్రాడి మాట, ‘మా నాయనమ్మ వారంలో పోయింది’ అన్న అతని స్నేహితుడి మాట, రెండూ నిజమే. ఎవరి అనుభవాన్ని వారు అందరి అనుభవంగా చెప్పుకోవడంతో వాదన ముదిరింది. సగటు మరణాలు ఒక శాతంలోపే ఉన్నా, వైరస్‌ కోట్లమందికి సోకితే లక్షల ప్రాణాలు పోతాయన్నది చాలామంది దృష్టికి రాలేదు.

హైదరాబాద్‌లో జరిగిన ఒక మంచి అధ్యయనానికీ ఇలాంటి గతే పట్టింది. పరిశోధన సంస్థ సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, భారత్‌ బయోటెక్‌ కలిసి నగరంలో సుమారు 9 వేలమంది రక్తనమూనాలు పరిశీలించి, 54 శాతం మందిలో యాంటీబాడీలు ఉన్నాయని 2021 మార్చి మొదట్లో వెల్లడించాయి. వారిలో నాలుగింట మూడొంతుల మందికి తమకు వైరస్‌ సోకినట్టే తెలియదు. అధ్యయనం అంతే చెప్పింది. ‘ఇక అయిపోయినట్టే’ అన్నది దాన్ని విన్నవారు కలుపుకొన్న మాట. మార్చి 7న కేంద్ర ఆరోగ్యమంత్రి హర్షవర్ధన్‌ సైతం దేశంలో కరోనా అంతిమదశకు చేరిందని ప్రకటించారు.

కొన్ని వారాలకే డెల్టా రకం వైరస్‌ విరుచుకుపడింది. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్‌ సరఫరా తగ్గి 11 మంది చనిపోయారని అధికారులు ప్రకటించారు. వారి ప్రాణాలు పోవడానికి వైరస్‌ ఒక్కటే కారణం కాదు. ట్యాంకులో ఆక్సిజన్‌ ఉంటే బతికే రోగి, అది లేకపోతే పోతాడు. అలాంటప్పుడు ఒకే వైరస్‌కు అన్ని ఊళ్లలో, అన్ని రోజుల్లో ఒకే మరణశాతం ఎలా ఉంటుంది?

లవం ఎవరు లెక్కపెట్టారు?

అమెరికాలో గొడవ హారం మీద జరిగితే మన దగ్గర లవమే సరిగ్గా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో కరోనాకు ముందు ఏటా మే నెలలో నమోదయ్యే మరణాలు 27 వేల పైచిలుకు. 2021 మేలో అవి సుమారు 1.3 లక్షలు. ఆ నెలలో ప్రభుత్వం కరోనా ఖాతాలో చూపినవి 3 వేల లోపు. తెలంగాణలో అధికారిక మృతులు 4 వేలకు అటూఇటూ ఉన్నప్పుడు, సుప్రీంకోర్టు ఆదేశాలతో ఇచ్చిన రూ.50 వేల పరిహారం కోసం 28 వేలకు పైగా కుటుంబాలు దరఖాస్తు చేసుకున్నాయి.

2020, 2021 సంవత్సరాల్లో భారత్‌లో 47 లక్షల అదనపు మరణాలు సంభవించాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో అంచనా వేసింది. అప్పటి అధికారిక లెక్కకు అది దాదాపు పదిరెట్లు. ఆ లెక్కగట్టే పద్ధతే తప్పని కేంద్రం గట్టిగా అభ్యంతరం చెప్పింది. అయితే 2025 మేలో కేంద్రమే విడుదల చేసిన పౌర నమోదు నివేదిక ప్రకారం 2020లో 81 లక్షలున్న మరణాలు 2021లో కోటి రెండు లక్షలకు చేరాయి. ఒక్క ఏడాదిలో 21 లక్షల పెరుగుదల. ఆ ఏడాది కరోనా మృతులుగా చూపినవారు 3.3 లక్షల మంది. ఈ పెరుగుదలంతా కరోనా వల్లేనని అనలేం. కొంత నమోదు మెరుగుపడటం వల్ల కావచ్చు, కొంత మామూలు వైద్యం అందక కావచ్చు. దేనివల్ల ఎంతో విడదీయాలంటే మరణకారణం తెలియాలి. 2020లో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే.

చిత్తూరు జిల్లా పల్లెలోనో, ఆదిలాబాద్‌ తండాలోనో ఇంట్లో కన్నుమూసిన మనిషి ఎందుకు పోయాడో రాసే ఏర్పాటు ఇప్పటికీ బలంగా లేదు. మరో వైరస్‌ వచ్చినప్పుడు ‘ఇది ఎంత తీవ్రం?’ అన్న ప్రశ్నకు వారాల్లో జవాబు రావాలంటే ఇప్పుడే చేయాల్సిన పనులు రెండున్నాయి. పంచాయతీల్లో, మున్సిపాలిటీల్లో నమోదయ్యే మరణాలను రాష్ట్రాలు నెలనెలా ప్రజల ముందుంచాలి. ఆసుపత్రి బయట పోయినవారి విషయంలో కుటుంబాన్ని అడిగి కారణం నమోదుచేసే పని ఆరోగ్య సిబ్బందికి అప్పగించి, అందుకు తగిన శిక్షణ, సమయం ఇవ్వాలి. 2021 మే లెక్కలు ఆ జూన్‌లోనే అధికారికంగా వచ్చి ఉంటే, టీకా వేయించుకోవడానికి తటపటాయించిన ఎన్నో కుటుంబాలకు తమ జిల్లాలో ఏం జరుగుతోందో అప్పుడే తెలిసేది. దేశమంతటి అంకె చూడటానికి వారు నాలుగేళ్లు ఆగాల్సి వచ్చింది.