నడిగడ్డ నుంచి నల్లమల దాకా తీగ మోగే నేల

గిటార్ మోత ఎదురుగా నిలబడి వినడానికి మన పిల్లలు హైదరాబాద్, బెంగళూరు బస్సులెక్కుతున్నారు. ఊళ్లకు ఊళ్లనే తెల్లవార్లూ కూర్చోబెట్టిన కిన్నెర ఇక్కడే, ఇంటి దగ్గరే ఉంది. ఆ రెండూ ఒకే వేదిక మీద మోగే రోజు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలకు రావాలి.

రాత్రి పొద్దుపోయాక కూడా ఎర్రవల్లి చౌరస్తా మేలుకునే ఉంటుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉత్తరానికి పోతే హైదరాబాద్, దక్షిణానికి పోతే కర్నూలు, అనంతపురం మీదుగా బెంగళూరు. గద్వాల, పెబ్బేరు, కొత్తకోట వైపు రాక్ సంగీతం అంటే చెవి కోసుకునే కుర్రకారుకు ఈ రోడ్డే ఆధారం. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్, 2011 అక్టోబరు 30న మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించారు. 2025 ఫిబ్రవరిలో ఎడ్ షీరన్ గిటార్ పట్టుకుని రామోజీ ఫిల్మ్ సిటీకే వచ్చాడు. ఇలాంటి కచేరీ ఏది చూడాలన్నా ఈ మూడు జిల్లాల వాళ్లకు టికెట్‌తో పాటు బస్సు ఖర్చు, తిండి ఖర్చు, ఒక పూట నిద్ర తప్పవు. అయినా వెళ్తారు.

పాటలన్నీ ఫోన్‌లో ఉండగా అంత దూరం ఎందుకని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతారు. ఎదుట నిలబడి విన్నవాళ్లకు జవాబు తెలుసు. డ్రమ్ము దెబ్బ గుండెల్లో పడుతుంది. గిటార్ తీగను వేలు వంచినప్పుడు స్వరం ఎలా సాగుతుందో కళ్లారా కనిపిస్తుంది. జనం గొంతు కలిపితే వాయించేవాడు ఇంకో ఆవృత్తం పొడిగిస్తాడు. రికార్డులో నాలుగు నిమిషాలుండే పాట ఆ రాత్రికి పది నిమిషాలు అవుతుంది. ఆ పది నిమిషాలు ఆ రాత్రివే, అక్కడున్న వాళ్లవే.

పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్) జనానికి ఈ సంగతి కొత్త కాదు. కిన్నెర కథకుడు చేసేదీ ఇదే. జనం కదలకుండా కూర్చుంటే కథ పెంచుతాడు, సందడి పెరిగితే తీగ గట్టిగా మీటి మళ్లీ తన వైపు తిప్పుకుంటాడు.

పన్నెండు మెట్ల పాట

కిన్నెర చాలా పాత వాద్యం. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య అనే భక్తుడి కథ ఉంది. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు రాసిన సంగీత రత్నాకరం కిన్నరీ వీణను వర్ణించింది. గ్రంథాల్లో ఇంత గౌరవం ఉన్న వాద్యాన్ని ఈ నేల మీద ఇన్నాళ్లూ కాపాడింది మాత్రం డక్కలి కులస్థులు. మాదిగల ఆశ్రిత కులంగా జాంబపురాణం చెప్పుకుంటూ, ఊరికి దూరంగా గుడిసెలు వేసుకుని బతికిన వాళ్లు. కిన్నెరను తరం నుంచి తరానికి చేతి మీదుగా అందించారు.

దగ్గరగా చూస్తే దాని పనితనం తెలుస్తుంది. వెదురు బొంగు దండి. దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు. తీగ మోతను పెంచి బయటికి పంపేవి అవే. దండి మీద మెట్లు వరసగా నిలబడి ఉంటాయి. వాటిని పట్టి ఉంచేది తేనె మైనం. గిటార్ మెట్లు లోహపువి, మెడలోకి దిగగొట్టి ఉంటాయి, కదలవు. కిన్నెర మెట్టు స్వరం తప్పితే మైనాన్ని కాస్త వేడి చేసి, మెట్టును అటో ఇటో జరిపి, మళ్లీ నొక్కుకోవచ్చు. మన సరస్వతీ వీణ మెట్లకూ మైనమే ఆధారం. పాలమూరు ఎండకు మైనం మెత్తబడుతుంది కాబట్టి కిన్నెరను నీడన పెట్టుకుని, పాటకు ముందు మెట్టు మెట్టూ మీటి సరిచూసుకోవాల్సిందే.

ఈ వాద్యానికి దేశమంతా పేరు తెచ్చిన మనిషి దర్శనం మొగులయ్య. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట ఆయన ఊరు. నల్లమల అంచున, సలేశ్వరం జాతరకు పోయే దారుల్లో లింగాల ఒకటి. మొగులయ్య చేతిలోది పన్నెండు మెట్ల కిన్నెర. వాయించేదీ పాడేదీ కథ చెప్పేదీ ఆయనే, పాత్రల మాటలు మార్చి మార్చి పలికేదీ ఆయనే. ఒక బ్యాండ్‌లో నలుగురు పంచుకునే పనిని ఒక్క మనిషి మోస్తాడు. పాడేది పండుగ సాయన్న, మియాసాబ్, ఎండబెట్ల ఫకీరయ్య లాంటి వాళ్ల కథలు. సాయన్న పంతొమ్మిదో శతాబ్దపు పాలమూరు వీరుడు, ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పంచినవాడు. రాక్ సంగీతం ఎదిరించే గొంతు అని చెప్పుకుంటారు. ఆ గొంతు మన దగ్గర కిన్నెర మీద ఎప్పటి నుంచో ఉంది.

ఒకే పాటలో రెండు దారులు

2021 సెప్టెంబరు 2న 'భీమ్లా నాయక్' సినిమా టైటిల్ పాట విడుదలైంది. తమన్ స్వరం, రామజోగయ్య శాస్త్రి సాహిత్యం. పాట మొదట్లో మొగులయ్య గొంతు, కిన్నెర వినిపిస్తాయి. ఆ తర్వాత అందుకున్న గాయకుల్లో రామ్ మిరియాల ఒకరు. ఆయన హైదరాబాద్‌లో 'చౌరస్తా' అనే తెలుగు బ్యాండ్‌ను నిలబెట్టిన వాళ్లలో ఒకడు. గిటార్లు, డ్రమ్ముల మధ్య మన యాసలో, మన ఊరి సంగతులు పాడిన బృందం అది. వాళ్ల 'ఊరెళ్లిపోతా మామా' పాటను రాసింది ఆ బృందంలోని ఆనంద్ గుర్రం. వలస కూలీల జిల్లాగా పేరుపడ్డ పాలమూరు వాళ్లకు ఆ పాట పేరు వింటేనే గుండె కలుక్కుమంటుంది. నల్లమల అంచు నుంచి వచ్చిన కిన్నెర, నగరంలో పుట్టిన బ్యాండ్ గొంతు ఒకే పాటలో కలిశాయి. వాటిని విడదీసి వినాల్సిన పని లేదని కోట్లమంది శ్రోతలకు తెలిసింది.

2022లో మొగులయ్యకు పద్మశ్రీ దక్కింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. 2024లో పక్కనే ఉన్న నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకూ పద్మశ్రీ వచ్చింది. రెండేళ్ల తేడాలో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాకు తీగ వాద్యాల మీదే రెండు పద్మశ్రీలు. ఇంతకంటే ఏం నిదర్శనం కావాలి?

అయితే అదే 2024 మే నెలలో మొగులయ్య హైదరాబాద్ శివారు తుర్కయాంజాల్ దగ్గర కట్టడం పనికి కూలీగా పోతున్న వార్త చూసి జనం కలవరపడ్డారు. ఈ వార్తను జాలితో చదివి మరిచిపోతే కుదరదు. ఎంత పెద్ద బహుమతైనా ఒకసారి వచ్చి ఖర్చయిపోతుంది. వాద్యకారుణ్ని బతికించేది నెల నెలా దొరికే కచేరీ. ప్రపంచంలో ఏ గిటార్ వీరుడైనా నిలబడింది టికెట్ కొని ఎదురుగా నిలబడ్డ జనం వల్లే. కిన్నెరకు పురస్కారాలు దొరికాయి, టికెట్ కొనే జనం ఇంకా దొరకాలి.

సొరబుర్ర, అయస్కాంతం

ఎలక్ట్రిక్ గిటార్ ఎందుకు పుట్టిందో తెలుసుకుంటే కిన్నెరకు ఏం కావాలో అర్థమవుతుంది. 1920లు, 30ల్లో అమెరికా బ్యాండ్లలో బాకాలు, డ్రమ్ముల హోరు ముందు గిటార్ మోత వినపడేది కాదు. 1931లో జార్జ్ బోషాంప్ తీగల దగ్గర అయస్కాంతం పెట్టి, సన్నని రాగి తీగ చుట్ట అమర్చాడు. ఈ అమరికే పికప్. ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం కదిలి చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. దాన్ని యాంప్లిఫయర్ పెంచితే స్పీకర్ మోగుతుంది. ఇంకో చిక్కు మిగిలింది. గిటార్ డొల్ల శరీరం స్పీకర్ మోతను తిరిగి పట్టుకుని గీ... మని కూసేది. 1950లో లియో ఫెండర్ గట్టి చెక్క దిమ్మతో చేసిన గిటార్‌ను మార్కెట్లోకి తెచ్చి ఆ చిక్కు తీర్చాడు. ఫెండర్ రేడియోలు బాగుచేసే మనిషి, గిటార్ వాయించడం రానివాడు.

కిన్నెరకూ అదే చిక్కు. సొరబుర్ర ముందు మైకు పెడితే కూత పుడుతుంది, మైకు దూరం జరిపితే తీగ సవ్వడి జనం గోలలో కలిసిపోతుంది. ఉక్కు తీగ వేసిన కిన్నెరకు గిటార్ తరహా పికప్ అమర్చుకునే వీలుంది. బోరు మోటార్లకు రాగి తీగ చుట్టే వైండింగ్ షాపు లేని మండలం ఈ మూడు జిల్లాల్లో ఉండదు. పికప్ చుట్టడం కూడా ఆ పనికి తోబుట్టువే, తీగ మాత్రం వెంట్రుకంత సన్నం, చుట్లు వేలల్లో. కాలేజీ విద్యార్థులు, వైండింగ్ పనివాళ్లు, కిన్నెర చేసే చేతులు ఒక చోట కూర్చుంటే ఇక్కడే తయారు చేసుకోవచ్చు.

సంప్రదాయం చెడుతుందనే భయం అక్కర్లేదు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించి మాండలిన్ శ్రీనివాస్ అయ్యాడు. గిటార్ దిగ్గజం జాన్ మెక్‌లాఫ్లిన్‌తో 'రిమెంబర్ శక్తి' బృందంలో ప్రపంచమంతా తిరిగాడు. కరెంటు తగిలినంత మాత్రాన రాగం మాసిపోదని మన తెలుగువాడే చూపించాడు.

కోటలున్నాయి, కచేరీలు కావాలి

వేదికలకు ఇక్కడ కరువు లేదు. సోమనాద్రి కట్టించిన గద్వాల కోటలో చెన్నకేశవస్వామి గుడి, మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరు మీద డిగ్రీ కాలేజీ ఉన్నాయి. వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్ నడుస్తోంది. కొల్లాపూర్‌లో సురభి రాజుల కోట ఉంది. ఈ సంస్థానాలు కవులను, పండితులను పిలిచి సన్మానించాయి. గద్వాలకు 'విద్వద్గద్వాల' అని పేరొచ్చింది. తిరుపతి వేంకట కవులు ఇక్కడికి వచ్చి సత్కారాలు అందుకున్నారు. అప్పట్లో పద్యానికి కోట తలుపులు తెరుచుకున్నాయి, కిన్నెర ఊరి బయటే ఆగిపోయింది. ఇప్పుడు ఆ కోటలు చదువుకునే పిల్లలవి. వాటి ముంగిట్లో కిన్నెర మోగడం ఆలస్యంగానైనా జరగాల్సిన న్యాయం.

పాటగాళ్లకూ కొదవ లేదు. తెలకపల్లి మండలం గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న 'వల్లంకి తాళం'కు 2021 సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాడు. ఆయన వేదిక మీద గజ్జె కట్టి ఆడుతూ పాడితే జనం కూర్చోలేరు.

మల్దకల్ తిమ్మప్ప జాతరలో, సలేశ్వరం దారుల్లో జనం ఎలాగూ చేరతారు. అక్కడ ఒక రాత్రి కిన్నెరకు, బుర్రవీణకు, హైదరాబాద్ నుంచి వచ్చే తెలుగు బ్యాండ్‌కు కలిపి వేదిక వేయాలి. కళాకారుడికి శాలువాతో సరిపెట్టకుండా ముందే మాట్లాడుకున్న పారితోషికం ఇవ్వాలి. వనపర్తి పాలిటెక్నిక్ లాంటి చోట కిన్నెర తయారీ, పికప్ అమరిక నేర్పే చిన్న కార్యశాల పెట్టాలి. డక్కలి ఇళ్ల పిల్లలకు అందులో మొదటి చోటు, నేర్పే పెద్దలకు జీతం ఉండాలి. జిల్లా యంత్రాంగం, కాలేజీలు, జాతర కమిటీలు పూనుకుంటే వచ్చే జాతర నాటికే మొదలు పెట్టవచ్చు. మిగిలిన పని మనది. గిటార్ కోసం బెంగళూరు దాకా పోయి టికెట్ కొనే మనం, కిన్నెర కోసం గద్వాల కోట వాకిట్లోనూ టికెట్ కొని నిలబడాలి.