ఎర ముద్ద బరువు నుంచి మొదలయ్యే లెక్క

రాడ్ మీద ‘2.7 మీ., 40–80 గ్రా., 2.25 ఎల్‌బీ’. రీల్ మీద ‘4000, 5.2:1, 13+1, 8 కేజీ’. దారం చుట్ట మీద ‘0.35 మి.మీ., 15 ఎల్‌బీ’. బొచ్చె, శీలావతి, బంగారుతీగల కోసం మొదటిసారి గాలం సామాను కొనబోయేవారికి దుకాణంలో ఎదురయ్యే అంకెలివి. పెద్ద అంకె ఉన్నదే మంచిదనుకుని చాలామంది కొనేస్తారు. డబ్బు వృథా అయ్యేది అక్కడే. ఈ అంకెల్లో నిజంగా ముఖ్యమైనవి కొన్నే. ఆ కొన్నీ ఒక్కచోట నుంచే పుడతాయి: మనం నీళ్లలోకి విసిరే బరువు.

మన చెరువుల్లో ఈ చేపలకు ఎక్కువగా వాడేది పిండి ఎర. తవుడు, వేరుశనగ చెక్క పొడి, కాస్త మైదా కలిపి ముద్ద చేసి గాలాలను అందులో దాస్తారు. పెద్ద నిమ్మకాయంత ముద్ద దాదాపు 40 గ్రాములు తూగుతుంది. దానికి 20 గ్రాముల సీసం తోడైతే మొత్తం 60 గ్రాములు. దుకాణానికి వెళ్లకముందే మీరు వాడబోయే ముద్దను వంటింటి తూకంలో పెట్టి చూడండి. దుకాణదారుడు మిమ్మల్ని అడగాల్సిన మొదటి ప్రశ్నకు జవాబు అదే, అతను అడగకపోయినా సరే.

చవక రాడ్లలో ఎక్కువ భాగం 10–30 గ్రాముల బరువు విసరడానికి చేసినవి. వాటితో 60 గ్రాములు బలంగా విసిరితే విరిగే ప్రమాదం ఉంది. చాలా రాడ్లు చేప లాగినప్పుడు కాదు, ఇలా విసిరేటప్పుడే విరుగుతాయి. అప్పుడు ‘చైనా సరుకు, ఇంతే’ అంటారు. సరుకు తప్పు కొంత ఉండొచ్చు గానీ, దాని మీద రాసిన హద్దుకు రెట్టింపు బరువు వేసింది మనమే.

రాడ్ మీద కనిపించే ‘2.25 ఎల్‌బీ’ని టెస్ట్ కర్వ్ అంటారు. రాడ్ పిడిని కదలకుండా పట్టుకుని, కొసను పిడికి లంబంగా, అంటే 90 డిగ్రీలు వంగేదాకా లాగడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలో చెప్పే అంకె ఇది. ఇంగ్లండ్‌లో కార్ప్ చేపల వేటగాళ్ల నుంచి వచ్చిన కొలత కాబట్టే ఇంకా పౌండ్లలోనే నడుస్తోంది. దీని నుంచి రెండు లెక్కలు తీయొచ్చు. టెస్ట్ కర్వ్ ఎన్ని పౌండ్లో, రాడ్ హాయిగా విసిరే బరువు దాదాపు అన్ని ఔన్సులు. ఔన్సంటే 28.35 గ్రాములు. కాబట్టి 2.25 పౌండ్ల రాడ్‌కు తగిన బరువు సుమారు 64 గ్రాములు. మన 60 గ్రాములకు సరిగ్గా సరిపోయింది. ఇక రెండోది: టెస్ట్ కర్వ్‌ను 5తో హెచ్చిస్తే ఆ రాడ్‌కు సరిపడే దారం బలం వస్తుంది, రాళ్లూ తుమ్మ మొద్దులూ ఉన్నచోట 7 దాకా పోవచ్చు. అంటే 11 నుంచి 15 పౌండ్లు. రాతి కట్టలున్న మన చెరువులకు నేను పై అంకెనే తీసుకుంటాను: 15 పౌండ్లు, కిలోల్లో 6.8.

దుకాణాల్లో ‘కార్ప్ రాడ్’ పేరుతో 12 అడుగులు, 3.5 పౌండ్ల టెస్ట్ కర్వ్ ఉన్నవి దొరుకుతాయి. చూడ్డానికి గొప్పగా ఉంటాయి. అవి దాదాపు 100 గ్రాముల బరువును చాలా దూరం విసరడానికి, యూరప్‌లోని పెద్ద సరస్సుల కోసం చేసినవి. చెరువు కట్ట మీద నుంచి 40 మీటర్లు విసిరేవారికి అంత బిరుసు అనవసరం. పైగా కిలో శీలావతి చిక్కినప్పుడు అలాంటి రాడ్ వంగదు. చేప గింజుకున్న ప్రతిసారీ ఆ కుదుపంతా గాలం పట్టిన నోటి మీదే పడి, పెదవి చీరుకుని చేప జారిపోతుంది.

పెద్ద చేపకు మొద్దు రాడ్ కావాలన్న నమ్మకాన్ని 1952లోనే ఒకరు తప్పని చూపించారు. ఆ ఏడాది సెప్టెంబర్ 13న హెర్ఫర్డ్‌షైర్‌లోని రెడ్‌మైర్ కొలనులో రిచర్డ్ వాకర్ 44 పౌండ్ల బంగారుతీగను పట్టారు. దాదాపు 20 కిలోలు. దాన్ని లండన్ జూకు ఇచ్చేశారు, అక్కడ ఏళ్ల తరబడి బతికింది. ఆయన తన కోసం రూపొందించుకున్న ‘మార్క్ ఫోర్’ రాడ్ వెదురును చీల్చి అతికించి చేసినది. పొడవు 10 అడుగులు, టెస్ట్ కర్వ్ సుమారు ఒకటిన్నర పౌండ్లు, అంటే 700 గ్రాముల బలానికే కొస 90 డిగ్రీలు వంగే కర్ర. ఇది సాధ్యమవడానికి కారణం ఉంది. చేప కడుపులో గాలి తిత్తి ఉంటుంది కాబట్టి నీళ్లలో దాని బరువు దాదాపు సున్నా. ఇరవై కిలోల చేపను మనం మోయడం లేదు, దాని ఈత బలాన్ని ఆపుతున్నామంతే. నీళ్లలోంచి పైకెత్తే క్షణంలోనే మొత్తం బరువు దారం మీద పడుతుంది. అందుకే చేతి వల కొనడం విలాసం కాదు. ₹600 పెట్టి వల కొన్నవాళ్లు, ₹600 ఎక్కువ పెట్టి బిరుసు రాడ్ కొన్నవాళ్ల కంటే ఎక్కువ చేపల్ని గట్టుకు చేరుస్తారు.

రాడ్ పొడవు 9 అడుగులు చాలు. రెండు ముక్కలుగా వచ్చే 9 అడుగుల రాడ్ విడదీస్తే ముక్క 1.37 మీటర్లు, బైకు మీద కట్టుకుని వెళ్లొచ్చు. లోపలికి మడిచే టెలిస్కోపిక్ రాడ్ ఇంకా పొట్టిగా సర్దుకుంటుంది గానీ, అన్ని అతుకులున్నచోట అన్ని బలహీనతలుంటాయి, ఇసుక చేరితే బిగుసుకుపోతుంది కూడా. బస్సులో వెళ్లేవారికి తప్ప నేను దాన్ని సిఫార్సు చేయను. కొనేముందు దారం వెళ్లే రింగుల్లో చిన్న దూది ఉండను తిప్పి చూడండి. ఎక్కడైనా పోగు చిక్కుకుంటే ఆ రింగు పగిలినట్టు. అది దారాన్ని కోసేస్తుంది.

ఫైబర్‌గ్లాస్ బరువు, చవక, మోటు వాడకానికి తట్టుకుంటుంది. కార్బన్ తేలిక, ధర ఎక్కువ, రాతికి తగిలితే పగులుతుంది. మొదటి రాడ్‌గా ఫైబర్‌గ్లాస్ కలిసినదే మేలని నా అభిప్రాయం. కార్బన్ కొనేవారు ఒక్క విషయం మరవొద్దు: అది విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. మన చెరువు కట్టల మీదుగా 11 కేవీ తీగలు వెళ్లడం మామూలే. మెరుపులున్నప్పుడు, తీగల కింద ఏ రాడ్‌నూ ఎత్తొద్దు. తడిసిన ఫైబర్‌గ్లాస్‌నూ తడి దారాన్నీ కూడా నమ్మడానికి లేదు.

ఇక రీల్. ‘13+1’ అన్నది బేరింగుల సంఖ్య. చవక రీల్‌లో అన్ని బేరింగులు ఇచ్చారంటే ఒక్కోదాని నాణ్యత ఎంతో ఊహించుకోవచ్చు. నాలుగు మంచివి చాలు. 5.2:1 అంటే చేతిపిడి ఒక చుట్టు తిప్పితే దారాన్ని చుట్టే భాగం 5.2 చుట్లు తిరుగుతుందని అర్థం. స్పూల్ అడ్డకొలత 4.5 సెంటీమీటర్లయితే ఒక్కో చుట్టుకు 14 సెంటీమీటర్లు, మొత్తం పిడి తిప్పుడుకు 73 సెంటీమీటర్ల దారం లోపలికి వస్తుంది. పిండి ఎర వేసి కూర్చునేవారికి ఇది చాలు. వేగం ఎక్కువున్న రీల్‌కు అదనంగా డబ్బివ్వనక్కర్లేదు. 4000 అనేది సైజు గుర్తు మాత్రమే. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. చూడాల్సింది స్పూల్ పట్టే దారం. 0.30 మిల్లీమీటర్ల దారం 240 మీటర్లు పడుతుందని రాసి ఉంటే 0.35 దారం ఎంత పడుతుంది? మందాల వర్గాల నిష్పత్తిలో తగ్గుతుంది: 240ని 0.09తో హెచ్చించి 0.1225తో భాగించండి, 176 మీటర్లు. నలభై మీటర్ల విసురుకూ, ఆపైన చేప పరుగుకూ అది పుష్కలం.

రీల్‌లో అన్నిటికన్నా విలువైనది డ్రాగ్, అంటే చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా వదిలే బిగింపు. పెట్టె మీద ‘8 కేజీ’ అని గొప్పగా రాస్తారు. మన దారమే 6.8 కిలోలకు తెగుతుంది, ముడి వేసినచోట ఇంకా ముందే. దారం బలంలో నాలుగో వంతు దగ్గర డ్రాగ్ జారాలి, అంటే 1.7 కిలోలు. అంత తక్కువ దగ్గర అది ఎంత నున్నగా జారుతుందన్నదే లెక్క. ప్రయాణాల్లో సామాను తూచే చిన్న కొక్కెం తూకం ఒకటి దుకాణానికి తీసుకెళ్లండి. రీల్‌కు దారం చుట్టించి, కొసను తూకానికి కట్టి, మెల్లగా, ఆపకుండా లాగండి. అంకె 1.6, 1.7, 1.8 మధ్య నిలిస్తే ఆ రీల్ మంచిది. ఒకసారి 1, ఇంకోసారి 2.5 చూపిస్తూ కుదుపులతో జారితే ఏ బ్రాండైనా పక్కన పెట్టేయండి. ఇంకో సంగతి: చేప దూరం పోయి స్పూల్ మీద దారం తగ్గేకొద్దీ బిగింపు దానంతటదే పెరుగుతుంది. చుట్ట అడ్డకొలత 45 మిల్లీమీటర్ల నుంచి 35కు తగ్గితే 1.7 కిలోలు 2.2 అవుతుంది. చేప పరుగెడుతున్నప్పుడు డ్రాగ్ ఇంకా బిగించాలన్న ఆత్రం కలుగుతుంది. ఆ పని చేయొద్దు.

చేతిలో ₹5,000 ఉంటే నా పంపకం ఇది: రీల్‌కు 2,000, రాడ్‌కు 1,500, దారానికి 600, వలకు 600, గాలాలు, సీసం, బెండ్లకు 300. వందకు పైగా వస్తువులతో ‘కాంబో’ పెట్టెలు ఇంతకంటే చవకగా వస్తాయి. కానీ వాటిలో రీల్‌కు చుట్టి ఇచ్చే దారం మందమెంతో, బలమెంతో చాలాసార్లు ఎక్కడా రాసి ఉండదు. బలం తెలియని దారానికి డ్రాగ్ ఎంత పెట్టాలో ఎవరు చెప్పగలరు? చెరువు అనుమతి ఖర్చు ఈ పంపకంలో లేదు. తెలుగు రాష్ట్రాల్లో చాలా చెరువులు మత్స్యకారుల సహకార సంఘాల చేతుల్లో ఉంటాయి. అందులోని చేప వారి జీవనాధారం. వారినడిగి, వారు చెప్పింది కట్టి కూర్చోవాలి.

₹500కు మించి పెట్టలేనివారు రీల్ జోలికే పోవద్దు. ఆ ధరకు వచ్చే రీల్ కంటే నాలుగు మీటర్ల వెదురు కర్రే నయం. దాని కొసకు నాలుగు మీటర్ల దారం కడితే గట్టు నుంచి దాదాపు ఎనిమిది మీటర్ల దాకా ఎర అందుతుంది. ఒడ్డు వెంట మేత వెతుక్కునే బంగారుతీగకు ఆ దూరం చాలు. మరీ పెద్దది పడితే వదిలే దారం లేదు కాబట్టి తెంపుకుపోతుంది, అదొక్కటే లోటు.

దారం విషయంలో ఒక్క పొదుపు చిట్కా. నైలాన్ ఎండకు చివుకుతుంది, కట్ట రాళ్లకు గీసుకుంటుంది. అయితే అరిగేది మనం విసిరే ముందు భాగమే. అందుకని స్పూల్ అడుగున మొదటి వంద మీటర్లు అలాగే ఉంచి, పైన 75 మీటర్లు మాత్రం కొత్తది ముడివేయండి. ₹600 పెట్టి కొన్న 300 మీటర్ల చుట్ట నాలుగుసార్లు వస్తుంది, ఒక్కోసారికి ₹150. వేళ్ల మధ్య లాగి చూసినప్పుడు గరుకు తగిలిన రోజే మార్చేయండి. చుట్టను కారు వెనకాల ఎండలో కాకుండా, ఇంట్లో చీకటి అరలో ఉంచండి.